నాన్న స్క్రూడ్రైవర్ తీసిన పాట

1993 వేసవి. ఇంటర్ పరీక్షలైపోయాయి, ఎంసెట్ రాసేశాను, ఫలితాలకి ఇంకా టైముంది. తెనాలిలో కాలువ గట్టు దగ్గర మా నాన్న రేడియో రిపేరు కొట్టు. పొద్దున్నే టిఫిను చేసి నాన్న సైకిలు వెనకాల ఎక్కి కొట్టుకెళ్లడం, మధ్యాహ్నం క్యారేజీ వచ్చేదాకా అక్కడే ఉండటం. నా పని విప్పిన రేడియోల మరల్ని అగ్గిపెట్టెల్లో వేసి, పైన ఎవరి సెట్టో పేరు రాయడం.

ఆ కొట్టు వాసన ఇప్పటికీ ముక్కుకి తగులుతూనే ఉంటుంది. వేడెక్కిన సోల్డరింగ్ ఐరన్, పేస్టు పొగ, స్పిరిట్ సీసా మూత తీస్తే గుప్పుమనే ఘాటు. వాల్వు రేడియోల కాలం అప్పటికే దాటిపోయింది, వచ్చేవి ఎక్కువగా టేప్ రికార్డర్లూ టూ ఇన్ వన్‌లూ. ఎప్పుడైనా ఒక పెద్దాయన తన మర్ఫీ రేడియోని పాత పంచెలో చుట్టి రిక్షాలో తెస్తే మాత్రం నాన్న ముఖం వెలిగిపోయేది. ఆ పూట మిగతా సెట్లన్నీ అటక మీదకే.

మా అక్కని బొంబాయిలో ఇచ్చాం. బావకి అక్కడ రైల్వేలో ఉద్యోగం. ఆయనకి ఇంగ్లీషు పాటలంటే ప్రాణం. అంతకు ముందు సంక్రాంతికి వచ్చినప్పుడు క్వీన్ బ్యాండు 'గ్రేటెస్ట్ హిట్స్' క్యాసెట్టు నా చేతిలో పెట్టి వెళ్లాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నేను దాన్ని టేపు నలిగేదాకా విన్నాను. పదిహేడు పాటలూ ఏ వరసలో వస్తాయో ఈ రోజుకీ చెప్పగలను. ఆ వేసవిలో అక్కని పురిటికి దింపడానికొచ్చిన బావ ఇంకో క్యాసెట్టు తెచ్చాడు. ఇది కొన్నది కాదు, ఖాళీ టీడీకే క్యాసెట్టు మీద స్నేహితుడి దగ్గర ఎక్కించుకున్నది. అట్ట మీద నీలం ఇంకుతో "క్వీన్, 1973" అని రాసి ఉంది. "వీళ్ల మొట్టమొదటి ఆల్బమ్‌రా. మొదటి పాట చాలా బాగుంటుంది. ఆడలేదు పాపం" అన్నాడు.

'ఆడలేదు' అని సినిమాని అంటారని తెలుసు, పాటని కూడా అంటారని అప్పుడే విన్నాను.

సాయంత్రం కొట్లో పెద్దగా బేరాల్లేని వేళ చూసి పెట్టాను. ప్లే నొక్కగానే గిటారు. తీగల్ని చేత్తో నొక్కిపట్టి గీరుతున్నట్టు చిక్‌చిక్ చిక్‌చిక్‌మంటోంది. అది ఉన్నచోట ఉండటం లేదు. సుయ్యిమంటూ పైకి లేస్తోంది, కిందకి జారుతోంది, మళ్లీ లేస్తోంది. గాలికి ఊగే కిటికీ తలుపు సందులోంచి వింటున్నట్టుంది. ఎదురుగా ఏదో బోర్డు మీద వంగి ఉన్న నాన్న తలెత్తాడు.

"హెడ్డు తప్పిందిరా అది. ఆపు, ఇటు పట్రా."

టేప్ రికార్డర్లో క్యాసెట్టు టేపుకి తగిలే చిన్న లోహపు ముక్కని హెడ్డు అంటారు. దాని పక్కన ఒక సన్నటి మర ఉంటుంది. హెడ్డు టేపుకి సరిగ్గా నిటారుగా నిలబడాలి. వెంట్రుకవాసి పక్కకి ఒరిగినా పైస్థాయి శబ్దాలు మందగిస్తాయి, ఒక్కోసారి ఊగుతాయి. నాన్న దగ్గర దానికోసమే ఒక సన్న స్క్రూడ్రైవర్ ఉండేది. పసుపుపచ్చ పిడి, కొన మీద ఇన్సులేషన్ టేపు చుట్టి ఉండేది. పుల్లకి దూది చుట్టి స్పిరిట్‌లో ముంచి ముందు హెడ్డు తుడిచాడు. దూది గోధుమరంగుకి తిరిగింది. మళ్లీ ప్లే నొక్కి, చెవి స్పీకరుకి ఆనించి, మరని ఇటు పావు వంతు, అటు పావు వంతు తిప్పడం మొదలెట్టాడు. గిటారు ఊపు తగ్గలేదు. మొహం చిట్లించి ఇంకాస్త తిప్పాడు.

అంతలో డ్రమ్ములు అందుకున్నాయి, వెనకే గొంతు. నాన్న చెయ్యి ఆగిపోయింది. మరని మెల్లగా వెనక్కి, మొదట ఎక్కడుందో అక్కడికి తెచ్చాడు. గొంతు గాజు పలకలా తేటగా ఉంది.

"గొంతు బానే ఉంది. హెడ్డు తప్పితే ఇది కూడా పోవాలి కదా" అని తనలో తను అనుకున్నాడు.

పాట మధ్యలో డ్రమ్ములు ఒక్కటే మోగే చోట మళ్లీ ఆ సుయ్యిమనే ఊపు. నాన్న వెనక్కి తిప్పమన్నాడు. విన్నాడు. మళ్లీ తిప్పమన్నాడు. నాలుగోసారికి స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశాడు.

"తప్పు కాదురా. కావాలని చేశారు."

ఆ తర్వాత సొరుగులోంచి అక్క పెళ్లికి ముందు వదిలేసిపోయిన గోళ్లరంగు సీసా తీసి, ఆ మర కదలకుండా దాని నెత్తిన ఒక్క ఎర్ర చుక్క పెట్టాడు. కొట్లో బాగుచేసిన ప్రతి సెట్టుకీ ఆ చుక్క ఉండాల్సిందే. అది ఆరేదాకా మూత వెయ్యనిచ్చేవాడు కాదు.

రాత్రి భోజనాలయ్యాక డాబా మీదకి రేడియో తీసుకు రమ్మన్నాడు. షార్ట్‌వేవ్‌లో సిలోన్ పట్టాడు. ఆ వయసు వాళ్లందరికీ సిలోన్ అంటే చిన్నతనం. తెలుగు పాటల కోసం చెవులప్పగించి కూర్చున్న తరం అది. ఆ రాత్రి తెలుగు కార్యక్రమమేమీ లేదు, ఎవరో ఏదో భాషలో మాట్లాడుతున్నారు. గొంతు దగ్గరికొచ్చి, దూరమై, నీళ్లలో మునిగి తేలినట్టు వినిపిస్తోంది.

"విన్నావా? ఆ గిటారులో ఉన్నదీ ఇదే" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. స్టేషన్ నుంచి సిగ్నలు ఒకే దారిన రాదట. ఆకాశంలో పై పొరకి ఒకచోట తగిలి ఒకటి, ఇంకోచోట తగిలి ఇంకోటి, రెండూ మన ఏరియల్‌కే చేరతాయి, కాకపోతే రవ్వంత ముందూ వెనకా. రెండూ కలిసేచోట కొన్ని శబ్దాలు ఒకదానికొకటి తోడై లేస్తాయి, కొన్ని ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆ ముందూ వెనకా తేడా మారుతున్నకొద్దీ ఏది లేస్తుందో ఏది చస్తుందో కూడా మారిపోతుంది. అదే ఆ ఊపు. "వాళ్లు ఒకే పాటని రెండు టేపు మెషీన్ల మీద పెట్టి, ఒకదాన్ని వేలితో రవ్వంత ఆపి వదిలుంటారు" అన్నాడు. నాన్న ఏ స్టూడియో గడపా తొక్కలేదు. ఇంగ్లీషు పాటలు వినే అలవాటూ లేదు. తర్వాత ఎన్నో ఏళ్లకి, అప్పటి స్టూడియోల్లో ఈ ఎఫెక్టు రాబట్టే పాత పద్ధతి ఇదేనని చదివినప్పుడు, ఆ డాబా మీద రాత్రి కళ్ల ముందుకొచ్చి చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను.

నాకు ఇంజనీరింగు సీటు రాలేదు. బీఎస్సీ ఫిజిక్సులో చేరాను. రెండో సంవత్సరంలో మాస్టారు బోర్డు మీద 'వ్యతికరణం' అని రాసి రెండు అలలు గీస్తుంటే, క్లాసు మొత్తంలో నా ఒక్కడికే దాని వెనక ఒక గిటారు వినపడింది.

ఆ పాట పేరు 'కీప్ యువర్‌సెల్ఫ్ అలైవ్'. క్వీన్ బ్యాండు మొట్టమొదటి సింగిల్, అంటే ఆల్బమ్‌తో పాటు కాకుండా విడిగా అమ్మే పాట. 1973 జూలై 6న ఇంగ్లండులో ఈఎంఐ విడుదల చేసింది. బాగా అమ్ముడైన పాటల జాబితా, అదే చార్టు, దాని కింది మెట్టు మీద కూడా కాలు పెట్టలేదు. ఆ శరదృతువులో అమెరికాలో ఎలెక్ట్రా కంపెనీ విడుదల చేసినా అదే గతి. ఆ తర్వాత ప్రపంచాన్ని ఊపేసిన బ్యాండుకి మొదటి అడుగే ఇలా పడింది.

పాట రాసింది గిటారిస్టు బ్రయాన్ మే. లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఫిజిక్సు చదివి, ఆకాశంలో గ్రహాల మధ్య తిరిగే ధూళి మీద పీహెచ్‌డీ మొదలుపెట్టినవాడు. డ్రమ్మరు రోజర్ టేలర్ కార్న్‌వాల్ నుంచి పళ్ల డాక్టరు చదువుకని లండన్ వచ్చాడు. బేస్ గిటారు వాయించే జాన్ డీకన్ 1971లో చేరాడు, అతనిది ఎలక్ట్రానిక్స్ చదువు. ఇక పాడే ఫ్రెడ్డీ మెర్క్యురీ, అసలు పేరు ఫరూఖ్ బుల్సారా, జాంజిబార్‌లో పుట్టిన పార్సీ కుర్రాడు. పంచగని బోర్డింగు స్కూల్లో చదువుకున్నాడు, అక్కడే 'ది హెక్టిక్స్' అని ఒక బ్యాండులో పియానో వాయించాడు. 1964లో జాంజిబార్‌లో అల్లర్లు రేగితే ఇంటిల్లిపాదీ లండన్ శివార్లలో ఫెల్తమ్‌కి వలసపోయారు.

బ్రయాన్ చేతిలో గిటారు కొన్నది కాదు. 1963లో తండ్రీ కొడుకులు కలిసి ఇంట్లో చెయ్యడం మొదలుపెట్టారు, దాదాపు రెండేళ్లు పట్టింది. మెడకి వాడింది ఎవరింట్లోనో తీసేసిన పాత పొయ్యి చట్రంలోని మహాగని చెక్క. అందులో పురుగు తొలిచిన కన్నాలుంటే అగ్గిపుల్లలతో పూడ్చారు. మెట్ల మీద గుర్తులుగా పెట్టిన ముత్యపు చుక్కలు అమ్మ కుట్టుపెట్టెలోని గుండీలు. తీగల్ని ఊపే పరికరానికి పాత మోటార్ సైకిలు వాల్వు స్ప్రింగులు రెండు, ఆ ఊపే కడ్డీ కొనకి అల్లికల సూది ముక్క. బ్రయాన్ నాన్నగారు హెరాల్డ్ ఎలక్ట్రానిక్స్ మనిషి. గిటారు తీగల కదలికని కరెంటుగా మార్చే పికప్పుల్ని కూడా బ్రయాన్ ముందు తనే చుట్టుకున్నాడు, కానీ గిటారు తీగని వేలితో లాగి స్వరం సాగదీసినప్పుడు ధ్వని తేడా కొట్టేది. చివరికి బర్న్స్ కంపెనీ పికప్పులు మూడు కొని బిగించాడు. ఒక్కో పికప్పుకి రెండేసి స్విచ్చులు పెట్టాడు. ఒకటి ఆన్ చెయ్యడానికి, ఒకటి ఫేజు తిరగెయ్యడానికి, అంటే దాని అలని తలకిందులు చెయ్యడానికి. ఇంత చేసి, దాన్ని వాయించడానికి వాడేది ఆరు పెన్నీల నాణెం.

ఇదంతా నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఎంసీఏ చేసి, హైదరాబాదులో ఉద్యోగంలో చేరి, 2003లో కంపెనీ పని మీద రెండేళ్లకి లండన్ వెళ్లాక. హౌన్స్‌లోలో ఇంకో ముగ్గురు తెలుగు కుర్రాళ్లతో కలిసి ఇల్లు అద్దెకి తీసుకున్నాం. పక్కనే ఫెల్తమ్. బ్రయాన్ పెరిగిన ఇల్లూ, బుల్సారాల ఇల్లూ కొద్ది వీధుల తేడాతో అక్కడే ఉన్నాయి. ఏళ్ల తరబడి ఒకే పేటలో ఉండి ఒకరికొకరు తెలియని వాళ్లిద్దరూ. ఒక ఆదివారం బస్సులో వెళ్లి ఆ వీధుల్లో నడిచాను. చిన్న చిన్న ఇళ్లు, ముందు చారెడు తోట, నెత్తి మీద హీత్రోలో దిగే విమానాలు. ఫ్రెడ్డీ వాళ్ల ఇంటికి, పేరున్నవాళ్లు ఉన్న ఇళ్లకి పెట్టే నీలం ఫలకం అప్పటికింకా లేదు, 2016లో పెట్టారు. ఎవరో పెద్దావిడ గేటు దగ్గర చెట్లకి నీళ్లు పోస్తూ నన్ను చూసి నవ్వింది.

రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. రెండు పౌన్లు పెట్టి కాలింగ్ కార్డు కొంటే అరగంటో ముప్పావుగంటో వచ్చేది. అంతవరకూ మా ఫోన్లంటే "తిన్నావా, చలిగా ఉందా, అమ్మకిస్తున్నా" అంతే. ఆ రోజు గిటారు సంగతి మొదలెట్టాను. పొయ్యి చెక్క అనగానే "ఆఁ?" అన్నాడు. పికప్పులు చేత్తో చుట్టాడంటే ఇక ఆగలేదు. ఎన్ని చుట్లు? ఏ గేజి తీగ? అయస్కాంతాలు ఎక్కడివి? ఫేజు స్విచ్చు దగ్గర నన్ను మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు. "రెండు పికప్పుల్నీ ఎదురుబొదురు కలిపితే కింది స్థాయి శబ్దాలు కొట్టుకుపోయి సన్నగా పలుకుతుంది. తెలివైనవాడు" అన్నాడు. కార్డు అయిపోయి ఫోను దానంతటదే కట్టయింది. అమ్మతో ఆ రోజు మాట్లాడనే లేదు.

పాట పుట్టుక కూడా ముక్కలు ముక్కలుగా నాన్నకి చెబుతూనే పూర్తి చేశాను. 1971 చివర్లో వెంబ్లీలో డీ లేన్ లీ అని ఒక కొత్త స్టూడియో కట్టారు. గదుల గోడలు చప్పుడుని ఎంతవరకు ఆపుతాయో చూసుకోవడానికి వాళ్లకి బాగా గోల చేసే బ్యాండు కావాలి. క్వీన్ ఒప్పుకుంది. డబ్బుకి బదులు తమ పాటల డెమో, అంటే కంపెనీలకి వినిపించే నమూనా, రికార్డు చేయించుకుంది. అలా ఎక్కిన అయిదు పాటల్లో ఇదొకటి. బ్రయాన్‌కి ఈనాటికీ ఆ డెమో అంటేనే ఇష్టం. ఆ కుదురూ ఆ వేడీ తర్వాత మళ్లీ దొరకలేదని ఆయన బాధ.

ఆపైన సోహోలోని ట్రైడెంట్ స్టూడియో వాళ్లని చేరదీసింది. చేరదీసింది అంటే, పెద్ద పెద్దవాళ్లు రికార్డింగు ముగించి వెళ్లిపోయాక మిగిలే వేళల్లో వీళ్లకి తలుపు తీసేవారు. అర్ధరాత్రి దాటాక పిలుపొస్తే వెళ్లి తెల్లారేదాకా పనిచెయ్యడం, 1972లో నెలల తరబడి అదే బతుకు. నిర్మాతలు జాన్ ఆంథనీ, రాయ్ థామస్ బేకర్. ట్రైడెంట్‌లో డ్రమ్ములకి ఒక ఇరుకు గది ఉండేది, ప్రతిధ్వని లేకుండా మొద్దుగా పలికేది. అక్కడి పద్ధతి అదే, మార్చడానికి వీల్లేదు. రోజర్‌కి ఆ ధ్వని సుతరామూ నచ్చలేదు. ఈ పాట మిక్సింగు, అంటే విడివిడిగా ఎక్కించిన ధ్వనుల్ని ఒక్కటిగా కలపడం, అయితే ఒక పట్టాన కుదరలేదు. చేసిన మిక్సల్లా ఎవరో ఒకరికి నచ్చకపోవడం, పక్కన పెట్టడం. ఆఖరికి మైక్ స్టోన్ అనే కుర్ర ఇంజనీరు చేసినదానికి అందరూ సరేనన్నారు.

నేను ట్రైడెంట్ ఉన్న సెయింట్ ఆన్స్ కోర్టుకి వెళ్లాను. మన ఊళ్లో సందు లాంటిది, ఇద్దరు గొడుగులేసుకుని ఎదురైతే ఒకరు తప్పుకోవాలి. ఆ వానలో పావుగంట నిలబడ్డాను. ఈ సందులోంచే ఆ నలుగురూ తెల్లవారుజామున నిద్రమొహాలతో బయటికొచ్చేవారు కదా అనుకుంటే ఒళ్లు జలదరించింది.

ఆల్బమ్ సిద్ధమైనా దాన్ని తీసుకునే కంపెనీ వెంటనే దొరకలేదు. ఈఎంఐతో ఒప్పందం 1973 వసంతంలో కుదిరింది. ఈ ఆలస్యమే వాళ్లని దెబ్బతీసిందని నేను గట్టిగా నమ్ముతాను. 1971లో కొత్తగా ఉన్న పాట 1973 వేసవికి వచ్చేసరికి చుట్టూ అంతా మారిపోయింది. మెరుపు బట్టలు, రంగు మొహాలు అప్పటికే అందరివీ అయిపోయాయి. ఈ సింగిల్ వచ్చిన వారం చార్టులో మొదటి స్థానం స్లేడ్ బ్యాండుది. సరిగ్గా మూడు రోజుల ముందు, జూలై 3న, లండన్ హ్యామర్‌స్మిత్ ఓడియన్‌లో గాయకుడు డేవిడ్ బోవీ తన జిగ్గీ స్టార్‌డస్ట్ అవతారాన్ని వేదిక మీదే చాలించేశాడు. ఒక ఆట ముగుస్తుంటే వీళ్లు మైదానంలోకి దిగారు. చూసినవాళ్లు వెనకొచ్చినవాళ్లుగానే లెక్కేశారు.

రేడియో ఆడించకపోతే ఆ రోజుల్లో సింగిల్‌కి బతుకు లేదు. బీబీసీ రేడియో వన్‌లో పగటిపూట వేసే పాటల జాబితా కోసం దీన్ని అయిదుసార్లు పంపితే అయిదుసార్లూ తిప్పికొట్టారు. పాట అసలు విషయానికి రావడానికి చాలాసేపు పడుతోందన్నది వాళ్ల అభ్యంతరం. అంటే నాన్న స్క్రూడ్రైవర్ తీసిన ఆ మొదలే! గొంతు వినపడటానికి అర నిమిషానికి అటూ ఇటూ పడుతుంది. అంతసేపు వాహనంలో పోతూ, వంట చేసుకుంటూ వినేవాళ్లు ఆగరని వాళ్ల భయం కావచ్చు. అదే రేడియో వన్ ఫిబ్రవరిలో ఈ బ్యాండుని స్టూడియోకి పిలిచి ఇదే పాటని వాయించుకుని రాత్రి కార్యక్రమంలో వేసింది కూడా. పగలు పనికిరాని పాట రాత్రికి పనికొచ్చింది.

ఒక్కచోట మాత్రం అదృష్టం కలిసొచ్చింది. బీబీసీ టీవీలో 'ఓల్డ్ గ్రే విజిల్ టెస్ట్' అని ఒక సంగీత కార్యక్రమం వచ్చేది. వాళ్లకి పేరూ ఊరూ లేని తెల్ల అట్ట రికార్డు ఒకటి చేరింది. నచ్చి, పాతకాలపు రైలుబండి కార్టూను దృశ్యాల్ని పాటకి జత చేసి జూలైలోనే వేశారు. ఎవరిదో తెలియకుండా, కేవలం విని ఎంచుకున్నారు. నాకు ఈ ఘట్టమంటే ఎంత ఇష్టమో చెప్పలేను. నాన్న కూడా ఎవరు పాడారో తెలియకుండానే నాలుగుసార్లు వెనక్కి తిప్పించాడు కదా.

మాటల గురించి ఒక్క సంగతి చెప్పాలి. పేరు చూసి అందరూ దీన్ని హుషారు పాట అనుకుంటారు. బ్రయాన్ రాసింది అలా కాదట. ఊరికే ప్రాణం నిలబెట్టుకోవడమేనా జీవితం, ఇంకేమీ లేదా అన్న ప్రశ్నతో రాశాడు. ఫ్రెడ్డీ గొంతులో పడ్డాక ఆ ప్రశ్న కాస్తా పొలికేక అయిపోయింది. మధ్యలో రోజర్, బ్రయాన్ చెరో వాక్యం అందుకునేచోట మాత్రం ఆ చేదు తెలుస్తుంది. రోజూ మెరుగవుతున్నావా అన్న అర్థంలో ఒకరి ప్రశ్న, సమాధికి దగ్గరవుతున్నానంటూ ఇంకొకరి జవాబు. ఇరవయ్యేళ్ల చిల్లర వయసులో అలా ఎలా రాశాడో!

ఆ తర్వాతది అందరికీ తెలిసిన కథే. 1974 ఫిబ్రవరిలో వచ్చిన 'సెవెన్ సీస్ ఆఫ్ రై' పదో స్థానానికి ఎక్కింది. 1975 చివర్లో 'బొహీమియన్ రాప్సొడీ' తొమ్మిది వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. ఆడని మొదటి పాటని వాళ్లు వదిలెయ్యలేదు. 1975లో అమెరికాలో ఇంకోసారి విడుదల చేద్దామని మళ్లీ కొత్తగా రికార్డు చేశారు. అదీ బయటికి రాలేదు, 1991లో సీడీ మీద అదనపు పాటగా వచ్చిందంతే. వేదిక మీద మాత్రం ఏళ్ల తరబడి వాయించారు. 1981లో ఇంగ్లండులో 'గ్రేటెస్ట్ హిట్స్' కూర్చినప్పుడు ఇది అందులోకి రాలేదు, హిట్టు కాలేదు గనక. అమెరికా వాళ్ల కూర్పులో మాత్రం చోటిచ్చారు. బావ తెచ్చిన మొదటి క్యాసెట్టులో ఈ పాట ఎందుకు లేదో నాకు తెలిసింది అప్పుడే.

ఇంకో సంగతి. నాన్న అన్నిటికంటే మురిసిపోయింది దానికే. 1972లో జాన్ డీకన్ లండన్ వీధిలో చెత్త తొట్టిలో పారేసిన ఒక సర్క్యూట్ బోర్డు ఏరుకొచ్చాడు. ఏదో చిన్న రేడియోలోది. దాన్ని ఒక స్పీకరు పెట్టెలో అమర్చి, బ్యాటరీ కట్టి, చిన్న యాంప్లిఫయర్ చేశాడు. ఈ పాటలో అది లేదు గానీ తర్వాతి ఆల్బముల్లో బ్రయాన్ గిటారు వయొలిన్లలా, బాకాల్లా పలికిన చోట్ల దాని పాత్ర ఉంది. లోపల జర్మేనియం ట్రాన్సిస్టర్లు, ఏసీ 128లు.

"ఏసీ 128లా?" నాన్న గొంతు మారిపోయింది. "మన దగ్గర డబ్బా నిండా ఉన్నాయిరా!"

నిజంగానే ఉన్నాయి. పార్లే బిస్కట్ల రేకు డబ్బాలో, పాత సెట్ల నుంచి ఊడదీసి దాచినవి. ఎవరూ ఇంక వాడరు పారెయ్యమని అమ్మ ఎన్నిసార్లు పోరినా వినలేదు. ఆ ఫోను తర్వాత మూడు నెలలకి నేను సెలవు మీద తెనాలి వెళ్తే, పగిలిన స్పీకరు పెట్టెలో ఓ చిన్న యాంప్లిఫయర్ కట్టి ఉంచాడు. మా ఇంట్లో గిటారు ఎవరికుంది? నా టూ ఇన్ వన్‌లోంచి తీగ లాగి దానికి కలిపి, ఆ టీడీకే క్యాసెట్టు పెట్టాడు. మొదటి చిక్‌చిక్ రాగానే కళ్లు మూసుకున్నాడు. డ్రమ్ములు వచ్చేదాకా తెరవలేదు.

అరవై దాటాక చూపు ఆనక కొట్టు మూసేశాడు. 2019లో పోయాడు.

2024 అక్టోబరులో ఆ మొదటి ఆల్బమ్‌ని మళ్లీ కొత్తగా మిక్స్ చేసి విడుదల చేశారు. యాభయ్యేళ్లుగా మనసులో ఉన్న ముల్లు తీసుకున్నారు. ఇరుకు గదిలో మొద్దుబారిన రోజర్ డ్రమ్ములు ఇప్పుడు విశాలంగా మోగుతున్నాయి. వెంబ్లీలో చేసిన ఆ డెమోలూ జత చేశారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని రాత్రి ఒక్కణ్ణే కూర్చుని మొత్తం విన్నాను. చాలా బాగుంది. వాళ్లు కోరుకున్న పాట ఇదేనంటే వాళ్ల కోసం సంతోషమేసింది.

విన్నాక నిద్ర పట్టలేదు. అటక మీంచి టూ ఇన్ వన్ దింపాను. టీడీకే క్యాసెట్టులో టేపు వదులైపోయి ఉంటే పెన్సిలు పెట్టి తిప్పి బిగించాను. బెల్టు సాగింది కాబోలు, మొదట నత్తలా తిరిగి, ఒక నిమిషానికి కాస్త తేరుకుంది. ధ్వని మందంగా ఉంది. హెడ్డు తుడవాలి, మర కూడా ఒకసారి చూడాలేమో అనుకుని, నాన్న పసుపు పిడి స్క్రూడ్రైవర్ తెచ్చి మూత విప్పాను. స్పిరిట్ దూదితో తుడిస్తే మళ్లీ అదే గోధుమరంగు. టార్చి వేసి చూశాను. మర నెత్తిన ఎర్ర చుక్క చెక్కు చెదరకుండా అలాగే ఉంది. మరని ముట్టుకోకుండా మూత పెట్టేసి, ప్లే నొక్కాను.